నేర్చిన భాష నిలుపుకోవడం ఎలా? (పైసా ఖర్చు లేకుండా)

మేము ముగ్గురం ఈ వసతి గృహంలోనే పదో తరగతి వరకు చదివాము. ఒకే వరుసలో సందూగలు పెట్టుకుని, ఒకే బకెట్టుతో ముగ్గురం స్నానం చేసిన వాళ్లం. ఇప్పుడు ఒకడు సౌదీ నుండి తిరిగి వచ్చి జగిత్యాలలో దుకాణం నడుపుతున్నాడు, ఒకడు జర్మనీలో నర్సుగా ఉన్నాడు, ఒకడు ఇక్కడే బడిలో ఇంగ్లీషు చెబుతున్నాడు. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సారు అడిగినప్పుడు, ముగ్గురికీ తెలిసిన సంగతి ఒకటే కనిపించింది. పరభాష మా ముగ్గురికీ అన్నం పెట్టింది. అదే భాష ముగ్గురినీ ఒక్కోసారి నడిరోడ్డు మీద నిలబెట్టింది కూడా. అందుకే ముగ్గురం కలిసి ఈ పాఠం రాస్తున్నాము.

ముందు సౌదీ సంగతి. 2008లో మాలో ఒకడు వీసా తెచ్చుకుని పోయాడు. ఇక్కడ ఏజెంటు చూపించిన ఇంగ్లీషు కాగితంలో నెలకు 1200 రియాళ్లు అని ఉంది. అక్కడ దిగిన మూడో రోజు అరబ్బీ కాగితం ఒకటి ముందు పెట్టి వేలిముద్ర వేయించుకున్నారు. ఆ కాగితంలో ఒకచోట ఇంటి కప్పులాంటి గుర్తు, దాని పక్కన రెండు చుక్కలు ఉన్నాయి. మావాడు వాటిని చూశాడు కూడా. ఏదో అక్షరం అనుకున్నాడు. నెల తిరిగాక చేతికి 800 వచ్చింది. ఆ గుర్తు ఎనిమిది, ఆ చుక్కలు రెండు సున్నాలు. 2005లో వచ్చిన సౌదీ కార్మిక చట్టం తొమ్మిదో అధికరణం ప్రకారం, ఒప్పందం అరబ్బీలోనూ మరో భాషలోనూ ఉంటే అరబ్బీ ప్రతే చెల్లుతుంది. అంటే అతని ఇంగ్లీషు కాగితానికి అక్కడ విలువ లేదు. వీసా కోసం చేసిన అప్పు తీరడానికి రెండేళ్లు అనుకున్నది మూడేళ్లు దాటింది.

పది అంకెలు. ఒక్క సాయంత్రం కూర్చుంటే వచ్చేవి. ఆ పది అంకెలు రాకపోవడం ఖరీదు నెలకు 400 రియాళ్లు!

బుగ్గారం నుండి, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల నుండి మనవాళ్లు వలస పోవడం కొత్త కాదు. 1973లో చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాలలో కట్టడాలు మొదలైన తరువాత దుబాయి, మస్కటు, బహ్రెయిన్, సౌదీ అన్న పేర్లు మన పల్లెల్లో పక్క ఊరి పేర్లలాగా వినబడుతున్నాయి. అంతకు ముందే సిరిసిల్ల పద్మశాలీలు మగ్గాల పని వెతుక్కుంటూ భీవండికి, షోలాపూర్‌కు పోయి మరాఠీ, హిందీ నేర్చుకున్నారు. వాళ్లకు బడి లేదు, పుస్తకం లేదు, మాట్లాడితేనే పని దొరికింది కాబట్టి నేర్చుకున్నారు. తిరిగి వచ్చాక మాట్లాడేవాళ్లు లేక సగం మరిచిపోయారు. మన ఇళ్లల్లో తాతలను అడగండి, చెబుతారు.

మీ నోట్లో ఉన్న అరబ్బీ

అరబ్బీ అనగానే భయపడే తమ్ముళ్లకు ఒక మాట. మీకు అరబ్బీ మాటలు ఇప్పటికే వచ్చు. నిజాం కాలంలో ఉర్దూ ద్వారా అవి మన తెలంగాణ మాటలో కలిసిపోయాయి. కుర్సీ, కితాబు, జవాబు, హాజరు, తారీఖు, హిసాబు, కిరాయి, హక్కు, షరతు, ఖాళీ, వకీలు, ఇవన్నీ అరబ్బీ మూలం నుండి వచ్చినవే. దవాఖానలోని దవా కూడా అంతే. మనం బట్టలు పెట్టుకునే సందూగ అరబ్బీలో సుందూక్. పొద్దున హాజరు పిలిచినప్పుడు సార్‌కు మీరు అరబ్బీలోనే బదులిస్తున్నారన్న మాట.

అయితే జాగ్రత్త. కొన్ని మాటలు దారిలో అర్థం మార్చుకున్నాయి. మనకు వకీలంటే కోర్టులో వాదించేవాడు. అరబ్బీలో వకీల్ అంటే ఒకరి తరఫున పని చూసే ప్రతినిధి, ఏజెంటు. కోర్టు వకీలును అక్కడ ముహామీ అంటారు. మనకు గరీబు అంటే పేదవాడు, వాళ్లకు ఘరీబ్ అంటే వింతైన, పరాయి అని అర్థం. మనకు తకరారు అంటే పంచాయితీ, గొడవ. అరబ్బీలో తక్రార్ అంటే మళ్లీ మళ్లీ చేయడం! భాష నేర్చేవాడికి కావలసింది సరిగ్గా ఆ తకరారే అని మేము నవ్వుకుంటుంటాము.

ఇక అంకెలు. ఇప్పుడే నోటుబుక్కులో వేసుకోండి. సున్నా చుక్క. ఒకటి నిలువు గీత. రెండు, ఆ గీత పైన ఒక వంపు. మూడు, రెండు వంపులు. నాలుగు, మన 3ను అద్దంలో చూసినట్టు. ఐదు, మన సున్నాలాగా గుండ్రం (ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు). ఆరు, మన 7 లాగా. ఏడు, చెట్టు పంగలాగా. ఎనిమిది, ఆ పంగను తలకిందులు చేస్తే వచ్చే ఇంటి కప్పు. తొమ్మిది, దాదాపు మన 9. అరబ్బీ రాత కుడి నుండి ఎడమకు నడిచినా, అంకెల్లో పెద్ద స్థానం మాత్రం మన లెక్కలాగే ఎడమ వైపు ఉంటుంది. ఇప్పుడు 1500 రాయండి. నిలువు గీత, గుండ్రం, రెండు చుక్కలు. వచ్చింది కదా.

అక్షరాలు 28. అరబ్బీ లిపి మీద కొన్ని అక్షరాలు చేర్చినదే ఉర్దూ లిపి. కోరుట్ల, జగిత్యాల బజార్లలో ఉర్దూ బోర్డులు ఉంటాయి. బస్సు కోసం నిలబడ్డప్పుడు వాటిని చదవడం పైసా ఖర్చు లేని అభ్యాసం. ఉర్దూ రాత వాలుగా, జారుతున్నట్టు ఉంటుంది, గల్ఫ్‌లో బోర్డుల రాత నిటారుగా ఉంటుంది. మొదట్లో తికమక పడతారు, తరువాత అలవాటవుతుంది. తరగతిలో ఉర్దూ చదివే దోస్తు ఎవరైనా ఉంటే వాడే మీ మొదటి గురువు. మనకు దగ్గరి ఉదాహరణ ఒకటి చెప్పాలి. సిరిసిల్ల ప్రాంతం హనుమాజీపేటలో పుట్టిన డా. సి. నారాయణరెడ్డి గారు ఉర్దూ మాధ్యమంలో చదువుకున్నారు. తెలుగులో రాసి 1988 సంవత్సరానికి జ్ఞానపీఠ్ అందుకున్నారు, తెలుగులో గజళ్లు కూడా రాశారు. ఒక భాష వస్తే ఇంకో భాష పోతుందని భయపడే తల్లిదండ్రులకు ఈ సంగతి చెప్పండి.

రెండు అరబ్బీలు, కాదు మూడు

ఇంటర్నెట్‌లో అరబ్బీ నేర్చుకుందామని వెతికిన వాళ్లకు ఎవరూ చెప్పని చిక్కు ఒకటుంది. పుస్తకాల్లో, వార్తల్లో, ఒప్పంద కాగితాల్లో ఉండేది ఫుస్‌హా, అంటే ప్రామాణిక అరబ్బీ. బజారులో సౌదీ మనిషి మాట్లాడేది వేరు. క్యాంపులో మనవాళ్లు, బంగ్లాదేశీలు, ఫిలిప్పీన్స్ వాళ్లు, అరబ్బు ఫోర్‌మన్ కలిసి మాట్లాడుకునేది ఇంకా వేరు.

"నాకు తెలియదు" అనడానికి మనవాళ్లందరికీ వచ్చిన మాట "అనా మాఫీ మాలూమ్". ఇది మూడో రకం. భాషా శాస్త్రజ్ఞులు దీనిని గల్ఫ్ పిడ్జిన్ అరబ్బీ అంటారు. పనిచోట కలిసిన పలు దేశాల వాళ్లు వ్యాకరణాన్ని కుదించి చేసుకున్న భాష. సౌదీ మనిషి ఇదే మాటను "మా అద్రీ" అంటాడు. "ఇప్పుడు" అనడానికి పుస్తకంలో "అల్ ఆన్" అని ఉంటుంది, రియాద్ వైపు "అల్‌హీన్" అంటారు, జిద్దా వైపు "దహీన్" అంటారు. "నాకు కావాలి" పుస్తకంలో "ఉరీద్", సౌదీ వీధిలో "అబ్గా".

మావాడు పదకొండేళ్లు మాఫీ, మాలూమ్‌లతోనే గడిపాడు. పని నడిచింది. కానీ ఒకసారి దవాఖానలో తన నొప్పి ఎక్కడుందో, ఎప్పటి నుండి ఉందో చెప్పలేక చెయ్యి చూపించి ఊరుకోవలసి వచ్చింది. క్యాంపు భాషలో "తీసుకురా, పెట్టు, ఎంత, లేదు" ఉంటాయి గానీ "నిన్న రాత్రి నుండి ఎడమ వైపు నొప్పిగా ఉంది, ఒప్పందంలో ఇలా లేదు కదా" అనే మాటలు ఉండవు. హక్కు అడగాలంటే క్యాంపు భాష చాలదు. ఖల్లీ వల్లీ అని వదిలేయడానికి మాత్రం సరిపోతుంది. పత్రాలు లేకుండా కంపెనీ వదిలిపోయిన వాళ్లను మన పల్లెల్లో "కల్లివెల్లి" అనేది కూడా ఆ మాట నుండే. ఆ మాట తెలియని ఇల్లు మన మండలంలో తక్కువ.

కాబట్టి రెండు వైపుల నుండి పట్టుకోవాలి. చదవడానికి ఫుస్‌హా, మాట్లాడడానికి ఆ ప్రాంతపు మాట. ఫుస్‌హాకు అల్ జజీరా వారి అరబ్బీ బోధన సైటు ఉచితం, డ్యుయోలింగోలో అక్షరాలతో మొదలయ్యే అరబ్బీ పాఠాలు ఉన్నాయి. ఇవి ఇంగ్లీషు ద్వారా చెబుతాయి గనుక ఒక దెబ్బకు రెండు భాషలు. సౌదీ మాటకు మాకు దొరికిన మంచి పుస్తకం అమెరికా విదేశాంగ శాఖ వారి ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ తమ రాయబార ఉద్యోగుల కోసం 1975లో తయారు చేసినది. జిద్దా, మక్కా, మదీనా పట్టణాల హిజాజీ మాండలికం అందులో ఉంది. ప్రభుత్వ ప్రచురణ కావడం వల్ల దానిపై కాపీహక్కు లేదు, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లోనే అరబ్బీ మాటలు రాసి ఉంటాయి. పాతది, బొమ్మలు లేవు, చూడగానే నిద్ర వస్తుంది. అయినా ఒక్కో వాక్యాన్ని పది రకాలుగా మార్చి చెప్పించే అభ్యాసాలు అందులో ఉన్నాయి. రంగురంగుల యాప్‌లలో మాకు అది దొరకలేదు. రాయబారుల కోసం చేసిన పుస్తకం మేస్త్రీ పని చేసేవాడికి పనికి రావడం మాకు ముచ్చటగా అనిపించింది.

పాసైన తరువాత పోయిన జర్మన్

ఇప్పుడు అసలు విషయానికి వస్తాము. నేర్చుకోవడం ఎలాగో చాలామంది చెబుతారు. నిలుపుకోవడం గురించి చెప్పేవాళ్లు తక్కువ.

మాలో రెండోవాడు నర్సింగ్ చదివి, జర్మన్ నేర్చుకుని 2019 చివర్లో బి1 పాసయ్యాడు. (యూరపు వాళ్లు భాషా స్థాయిలను ఏ1, ఏ2, బి1, బి2, సి1, సి2 అని ఆరు మెట్లు చేశారు. ఏ1 అంటే పేరు, ఊరు చెప్పగలగడం, బి1 అంటే తన పని తాను చెప్పుకుని బతకగలగడం. జర్మనీలో పూర్తి స్థాయి నర్సుగా గుర్తింపుకు మామూలుగా బి2 అడుగుతారు.) సర్టిఫికెట్టు లామినేషన్ చేయించి సందూగలో పెట్టాడు. 2020లో కరోనా వచ్చింది, విమానాలు ఆగిపోయాయి. ఇంటి దగ్గర పొలం పని, కొన్నాళ్లు ప్రైవేటు దవాఖానలో డ్యూటీ. పద్నాలుగు నెలలు జర్మన్ ముట్టుకోలేదు. వీడియో ఇంటర్వ్యూ వచ్చిన రోజున అవతలి మనిషి అడిగింది అర్థమైంది గానీ జవాబు నోట్లోంచి రాలేదు. "షుగర్ పేషెంటుకు పొద్దున ఏం చేస్తావు?" అన్న తేలిక ప్రశ్న అది. ఉద్యోగం పోయింది.

ఎందుకిలా? హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ పండితుడు తన మీద తానే ప్రయోగం చేసుకుని 1885లో పుస్తకం రాశాడు. అర్థం లేని అక్షరాల గుంపులను బట్టీపట్టి, కొంతకాలం ఆగి, వాటిని మళ్లీ నేర్చుకోవడానికి ఎంత సమయం కలిసి వస్తుందో కొలిచాడు. ఒక రోజు తరువాత మూడో వంతు, నెల తరువాత ఐదో వంతు మిగిలింది. ఇందులో రెండు సంగతులు ఉన్నాయి. మరుపు మొదటి రోజుల్లో వేగంగా జరుగుతుంది, తరువాత నెమ్మదిస్తుంది. రెండోది మనకు ధైర్యం ఇచ్చేది. పూర్తిగా మరిచిపోయామనుకున్నది కూడా రెండోసారి తక్కువ సమయంలో వస్తుంది. మావాడికి బి1 దాకా రావడానికి పది నెలలు పట్టింది, పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవడానికి మూడు నెలలు కూడా పట్టలేదు.

ఎలా తెచ్చుకున్నాడంటే, జర్మనీ ప్రసార సంస్థ డాయిచె వెలె వారి ఉచిత పాఠాలతో. అందులో "నీకోస్ వేగ్" అనే వీడియో కథ ఏ1 నుండి బి1 దాకా నడుస్తుంది. సంచి పోగొట్టుకుని జర్మనీలో దిగిన ఒక కుర్రవాడి కథ అది. అదే సంస్థ వార్తలను నెమ్మదిగా చదివి, రాతప్రతితో సహా ఇస్తుంది. అతను రోజూ పొద్దున ఒక వార్త వినేవాడు, రాతప్రతి చూస్తూ గొంతెత్తి చదివేవాడు, తరువాత కాగితం మూసి తన మాటల్లో ఫోనులో రికార్డు చేసేవాడు. మూడు పనులు, ఇరవై నిమిషాలు. మొదటి వారం తన గొంతు తనకే వినబుద్ధి కాలేదట. 2022లో జర్మనీ వెళ్లాడు. ఇప్పుడు అక్కడ అతనికి మరో భయం పట్టుకుంది, ఇంగ్లీషు పోతోందని. అదో కథ.

జర్మన్‌కు ఇంకో దారి, ఐఐటీ మద్రాసు పాఠాలు ఎన్‌పీటీఈఎల్ ద్వారా ఉచితంగా ఉన్నాయి. పరీక్ష రాసి సర్టిఫికెట్టు కావాలంటేనే రుసుము. జపాన్ వైపు చూసేవాళ్లకు జపాన్ ఫౌండేషన్ వారి "ఇరోదోరి" పుస్తకాలు, ఆడియోతో సహా ఉచితం. మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్, జపనీస్ శిక్షణ ఇప్పించి పంపిస్తుంది. భాష పేరు చెప్పి లక్షలు అడిగే ఏజెంటు దగ్గరికి పోయే ముందు అక్కడ అడగండి.

అగ్గిపెట్టెల బడి

హాస్టల్‌లో ఫోను ఎక్కడిది అన్నా, అని మీరు అడుగుతారని తెలుసు. మాకూ లేదు. అందుకే ఇది చెబుతున్నాము.

1972లో సెబాస్టియన్ లైట్నర్ అనే పాత్రికేయుడు జర్మన్‌లో రాసిన పుస్తకంలో ఒక ఉపాయం చెప్పాడు. చీటీకి ఒక పక్క పరభాష మాట, రెండో పక్క మన మాట. ఐదు డబ్బాలు. కొత్త చీటీలన్నీ మొదటి డబ్బాలో. మాట గుర్తొస్తే చీటీ తరువాతి డబ్బాకు పోతుంది. గుర్తు రాకపోతే, ఏ డబ్బాలో ఉన్నా సరే, మొదటి డబ్బాకే తిరిగి వస్తుంది. మొదటి డబ్బా రోజూ తీయాలి, రెండోది రోజు విడిచి రోజు, మూడోది నాలుగు రోజులకు, నాలుగోది వారానికి, ఐదోది రెండు వారాలకు. (ఈ రోజుల లెక్క మేము వాడేది, మీ వీలును బట్టి మార్చుకోవచ్చు.) కష్టమైన మాటలు ఎక్కువసార్లు, తేలికైనవి తక్కువసార్లు కంటపడతాయి. పాత నోటుబుక్కు అట్టలు, పెద్ద సైజు అగ్గిపెట్టెలు ఐదు ఉంటే చాలు. వీటికి కరెంటు కూడా అక్కరలేదు.

కంప్యూటర్లో, ఫోనులో ఇదే పని చేసే ఉచిత ప్రోగ్రాము ఆంకీ. 2006 నుండి ఉంది. ఆండ్రాయిడ్ ఫోనుకు ఉచితం, ఐఫోనుకు మాత్రం డబ్బు అడుగుతుంది. నెట్ లేకున్నా నడుస్తుంది. ఇతరులు చేసిన చీటీలు వేలకొద్దీ దొరుకుతాయి. వాటిని తెచ్చుకోకండి అని మా సలహా. సొంత చేత్తో రాసిన చీటీ సగం అప్పుడే గుర్తుండిపోతుంది. ఒంటరి మాట కాకుండా చిన్న వాక్యం రాయండి. "డ్రై" అని రాస్తే గుర్తుండదు, "నా చొక్కా ఇంకా ఆరలేదు" అని ఇంగ్లీషులో రాస్తే వానాకాలమంతా గుర్తుంటుంది. మాట అర్థం కోసం ఆంధ్రభారతి నిఘంటువుల సైటు ఉచితం, తెలుగు నిఘంటువులు ఎన్నో ఒకేచోట వెతకవచ్చు. 1852 నాటి బ్రౌను దొర తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు కూడా ఇంటర్నెట్‌లో చదవవచ్చు. చీకటి పడ్డాక తెలుగు మాటకు ఇంగ్లీషు మాట వెతకడం మాకు ఆటలాగా ఉండేది.

ఆరు నిమిషాలు, ఆరు రోజులు

మూడోవాడి సంగతి ఇంగ్లీషు. అతను నేర్చిన తీరు ఎక్కువ చెప్పనక్కరలేదు, అందరిలాగే గ్రామరు పుస్తకంతో నేర్చి, రాయడం వచ్చి, మాట్లాడడం రాక బాధపడ్డాడు. ఒక యాప్‌లో రెండు వందల రోజులు విడవకుండా పాఠాలు చేశాడు. లెక్క చూసుకుని మురిసిపోయాడు. కరీంనగర్‌లో ఒక శిక్షణలో ఇంగ్లీషులో రెండు నిమిషాలు మాట్లాడమంటే చెమటలు పట్టాయి. తప్పు యాప్‌ది అనలేము. వేలితో నొక్కడం నేర్చుకున్నవాడికి వేలితో నొక్కడం వచ్చింది. నోటితో చెప్పడం ఎప్పుడూ చేయలేదు.

ఆ తరువాత అతను పట్టుకున్నది బీబీసీ లెర్నింగ్ ఇంగ్లీష్ వారి "సిక్స్ మినిట్ ఇంగ్లీష్". ఇద్దరు మాట్లాడుకునే ఆరు నిమిషాల కార్యక్రమం, రాతప్రతితో సహా ఉచితం. అతని పద్ధతి ఏమిటంటే, వారానికి ఒక్కటే వినడం. సోమవారం కాగితం చూడకుండా వింటాడు. మంగళవారం చూస్తూ వింటాడు. బుధవారం అర్థం కాని పది మాటలకు చీటీలు. గురువారం వాళ్ల గొంతు వెంబడే తన గొంతు కలిపి చదవడం, పాట వెంబడి పాడినట్టు. శుక్రవారం చూడకుండా తన మాటల్లో చెప్పడం, శనివారం అదే విషయం మీద పది వాక్యాలు రాయడం. ఆదివారం సెలవు. వారానికి పది కార్యక్రమాలు విని మరిచిపోయేవాడికంటే ఒక్కటి నమిలి మింగినవాడు ముందుంటాడని అతని గట్టి నమ్మకం. మాలో జర్మనీవాడు దీనికి ఒప్పుకోడు, ఎక్కువ వినాలంటాడు. ఇద్దరూ ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

చదవడానికి సరళ ఇంగ్లీషు వికీపీడియా ఉంది, చిన్న వాక్యాలతో రాస్తారు. కథలు వినడానికి లిబ్రివాక్స్ ఉంది. కాపీహక్కు తీరిన పుస్తకాలను 2005 నుండి స్వచ్ఛందంగా చదివి రికార్డు చేసి పెడుతున్నారు, డౌన్‌లోడు చేసి చిప్‌లో వేసుకోవచ్చు.

డౌన్‌లోడు గురించి గట్టిగా చెప్పవలసిన మాట ఒకటుంది. ఉచితంగా దొరికేది ఎల్లకాలం ఉండదు. 2007లో మొదలైన లైవ్‌మోకా అనే సైటులో ఒకరి రాతను ఒకరు దిద్దుకునేవారు, లక్షల మంది చేరారు. 2016లో మూతపడింది, దిద్దిన రాతలన్నీ పోయాయి. వాయిస్ ఆఫ్ అమెరికా వారు 1959 నుండి నెమ్మదిగా, కొద్ది మాటలతో ఇంగ్లీషు వార్తలు చదివేవారు. రేడియో రోజుల్లో ఎందరో దానితో నేర్చుకున్నారు. 2025 మార్చిలో ఆ సంస్థ ప్రసారాలు ఆపేయడంతో ఆ పాఠాలూ ఆగిపోయాయి. అందుకే మీకు నచ్చిన పాఠం దొరికినప్పుడు ఆడియో దాచుకోండి, ముఖ్యమైన వాక్యాలు చేత్తో నోటుబుక్కులో రాసుకోండి.

గూగుల్ అనువాదంలో 2011 నుండి తెలుగు ఉంది. కెమెరా పెడితే అరబ్బీ బోర్డు కూడా చదువుతుంది. ఆపదలో అక్కరకు వస్తుంది, ఒప్పంద కాగితానికి మొదటి చూపుగా పనికొస్తుంది. కానీ సంతకానికి ముందు ఆ భాష వచ్చిన మనిషికి చూపించాల్సిందే. ఇప్పుడు కృత్రిమ మేధతో మాట్లాడే ప్రోగ్రాములు కూడా కొంతవరకు ఉచితం. తప్పు చేసినా నవ్వవు గనుక సిగ్గరులకు మంచివి. అవీ ధైర్యంగా తప్పులు చెబుతాయి, వీధి మాట చెప్పమంటే పుస్తకపు మాట చెబుతాయి. పరాయి దేశం వాళ్లతో ముచ్చట పెట్టించే యాప్‌లు కొన్ని ఉన్నాయి. పద్దెనిమిది నిండని తమ్ముళ్లు వాటి జోలికి పోవద్దు. పెద్దవాళ్లయినా ఫోటోలు, పాస్‌పోర్టు, బ్యాంకు వివరాలు ఎవరికీ పంపవద్దు. మీ పక్క మంచం మీద ఉన్న దోస్తుకన్నా మంచి జోడీ ఏ యాప్‌లోనూ దొరకదు. రాత్రి భోజనం వరుసలో నిలబడ్డ పది నిమిషాలు ఇద్దరూ ఇంగ్లీషే మాట్లాడాలని పందెం పెట్టుకోండి. తెలుగు మాట దొర్లినవాడు రెండోవాడి పళ్లెం కడగాలి. మా రోజుల్లో ఈ పందెం ఉండేది, మూడోవాడు నెలంతా పళ్లేలు కడిగాడు.

ఈ వార్షికోత్సవానికి మేము ముగ్గురం ఒక పాత సందూగను హాస్టల్‌కు ఇస్తున్నాము. అందులో ఐదు డబ్బాల జతలు పన్నెండు, ఖాళీ చీటీలు, అరబ్బీ అంకెల పటం ఒకటి, హిజాజీ పుస్తకం ప్రింటు ఒకటి ఉన్నాయి. ఒక చిప్‌లో ఇంగ్లీషు కథల ఆడియో వేశాము, దాన్ని పెట్టి వినే చిన్న స్పీకరు కూడా ఉంది. ఆదివారం మధ్యాహ్నం చదువు గదిలో వాడుకోవడానికి సార్ ఒప్పుకున్నారు. తాళం చెవి పదో తరగతి లీడర్ దగ్గర ఉంటుంది. అంకెల పటంలో ఐదు, సున్నాల దగ్గర ఎర్ర సిరాతో గుండ్రం చుట్టి ఉంటుంది. అది సౌదీ నుండి వచ్చినవాడు చుట్టినది.